ఆ ఒక్క స్టార్ ఎవరికి పడింది?

పోయిన నెల నా ఫోన్ డిస్‌ప్లే పగిలింది. సర్వీస్ సెంటర్‌కి వెళ్తే కౌంటర్‌లో "గంటలో ఇచ్చేస్తాం సార్" అన్నారు. నాలుగు గంటలు పట్టింది. పని మాత్రం సూపర్, కొత్త ఫోన్‌లా ఉంది. అయినా కోపంతో రేటింగ్ లింక్‌లో ఒక్క స్టార్ కొట్టేశా. అదే "సాయంత్రం రండి" అని ఉంటే? అంత త్వరగా ఇచ్చారా అని ఐదు కొట్టేవాణ్ణి!

ఈ సంగతి మీద 1985లోనే పరశురామన్, జైథామల్, బెర్రీ అనే ముగ్గురు ప్రొఫెసర్లు ఒక మోడల్ ఇచ్చారు. కస్టమర్ ఆశించినదానికీ, తనకు అందిందని అనుకున్నదానికీ మధ్య తేడానే సర్వీస్ క్వాలిటీ. ఆ తేడాకి కారణమయ్యే గ్యాప్‌లు నాలుగు, నాలుగూ కంపెనీ లోపలివే. అందులో నాలుగోది నా కేసు: బయటికి చెప్పేదొకటి, లోపల జరిగేదొకటి.

1988లో వాళ్లే సర్వ్‌క్వాల్ అని 22 అంశాల ప్రశ్నావళి తెచ్చారు. నీట్‌గా కనిపించడం, వెంటనే స్పందించడం లాంటివన్నీ అందులో ఉన్నాయి. కానీ వాళ్ల సర్వేల్లో కస్టమర్లకి అన్నిటికన్నా ముఖ్యంగా తేలింది, చెప్పిన మాట నిలబెట్టుకోవడం.

నేను కోడింగ్ జాబ్‌లో ఉన్నప్పుడు ఇదే బాధ. సేల్స్ వాళ్లు క్లయింట్‌కి రెండు వారాలనేవాళ్లు, మాకు ఐదు పట్టేది. తిట్లు మాత్రం మాకే.

అన్నీ తెలిసి నేను చేసిందేంటి? ఆ స్టార్ కౌంటర్‌కి పడలేదు. బిల్లు మీద ఉన్న టెక్నీషియన్ పేరుకి పడింది. మారుద్దామని నిన్న లింక్ ఓపెన్ చేశా. ఎక్స్‌పైర్ అయిపోయింది.