స్లో కుక్కర్‌లో కోడి రొమ్ము మాంసం

ఎముక, చర్మం తీసిన కోడి రొమ్ము ముక్కలను మూత పెట్టిన పింగాణీ పాత్రలో, కొద్దిపాటి రసంతో, విద్యుత్తు ఇచ్చే సన్నని సెగపై ఉడికించే వంట పద్ధతిని స్లో కుక్కర్ వంట అంటారు. తెలంగాణలో చికెన్ దుకాణాలలో ఈ మాంసాన్ని 'బోన్‌లెస్' అనే పేరుతో అమ్ముతారు. కొవ్వు తక్కువ, మాంసకృత్తులు ఎక్కువ కావడం వలన ఇది ఆరోగ్యకరమైన ఆహారంగా పేరు పొందింది. అయితే కోడి మాంసంలో త్వరగా ఎండిపోయే భాగం కూడా ఇదే. నెమ్మదిగా ఎంతసేపు ఉడికితే అంత మెత్తబడుతుందనే అభిప్రాయం కాలి ముక్కకు సరిపోతుంది గాని రొమ్ము ముక్కకు సరిపోదు. రొమ్ము ముక్క మృదువుగా ఉండాలంటే అది తగిన వేడికి చేరిన వెంటనే వంట ఆపాలి.

చరిత్ర

సన్నని సెగపై వండడం తెలుగువారికి కొత్త కాదు. పిడకల నిప్పు గల దాలిలో పాలకుండను పగలంతా ఉంచి, ఎర్రగా కాగిన పాలను సాయంత్రం తోడు పెట్టేవారు. కుంపటిపై పప్పును నిదానంగా ఉడికించేవారు. హైదరాబాదు బిర్యానీలో పాత్ర మూత చుట్టూ పిండి ముద్ద అంటించి, ఆవిరి బయటకు పోకుండా 'దమ్' వేస్తారు. మాంసం, గోధుమలు కలిపి గంటల తరబడి ఉడికించే హైదరాబాదీ హలీమ్‌కు 2010లో భౌగోళిక గుర్తింపు లభించింది.

విద్యుత్తుతో పనిచేసే స్లో కుక్కర్ అమెరికాలో పుట్టింది. యూదులు శనివారం నిప్పు రాజేయరు. అందువలన శుక్రవారం సాయంత్రమే చోలెంట్ అనే వంటకపు కుండను రొట్టెల కొలిమిలో పెట్టి, మరునాడు తీసుకొనేవారు. లిథువేనియాలోని విల్నా పట్టణపు ఈ ఆచారాన్ని తల్లి ద్వారా విన్న ఇర్వింగ్ నాక్సన్ అనే ఇంజనీరు విద్యుత్ పాత్రను రూపొందించి, 1940లో పేటెంటు పొందాడు. 1970లో అతని వ్యాపారాన్ని కొన్న రైవల్ సంస్థ 1971లో దీనిని 'క్రాక్-పాట్' పేరుతో విడుదల చేసింది.

పని చేసే విధానం

స్లో కుక్కర్‌లో బయట లోహపు తొడుగు, దానిలో వేడినిచ్చే తీగ, లోపల మందమైన పింగాణీ పాత్ర, పైన గాజు మూత ఉంటాయి. సాధారణ కుక్కర్ సుమారు 200 నుండి 300 వాట్ల విద్యుత్తు తీసుకుంటుంది. 250 వాట్ల కుక్కర్ మూడు గంటలు నిరంతరంగా పనిచేస్తే ముప్పావు యూనిట్ ఖర్చవుతుంది.

'లో', 'హై' అనే రెండు అమరికలలో ఒకటి తక్కువ వేడికి, మరొకటి ఎక్కువ వేడికి ఆగుతాయని చాలామంది భావిస్తారు. పెక్కు కుక్కర్లలో ఈ రెండూ చివరకు మరుగు స్థాయికి కొంచెం దిగువకే చేరతాయి. 'లో'లో అక్కడికి చేరడానికి ఎక్కువ సమయం పడుతుంది, అంతే తేడా. అందువలన 'లో'లో ఎనిమిది గంటలు ఉంచిన రొమ్ము ముక్క చివరి కొన్ని గంటలు దాదాపు మరిగే రసంలోనే ఉన్నట్లు లెక్క.

రొమ్ము మాంసం ఎందుకు ఎండిపోతుంది

పచ్చి రొమ్ము మాంసంలో సుమారు నాలుగింట మూడు వంతులు నీరే. ఈ నీరు కండర పోగులలో నిలిచి ఉంటుంది. వేడి 50 డిగ్రీల సెల్సియస్ దాటిన తరువాత పోగులలోని మయోసిన్ అనే మాంసకృత్తి గట్టిపడుతుంది. 65 డిగ్రీలు దాటిన తరువాత ఆక్టిన్ కూడా గట్టిపడి, పోగులు బాగా ముడుచుకొంటాయి. అప్పుడు తడిబట్టను పిండినట్లు నీరు బయటకు వస్తుంది. ముక్క చుట్టూ ఎంత రసం ఉన్నా ఆ నీరు తిరిగి పోగులలోకి చేరదు. రసంలో మునిగి ఉన్న ముక్క కూడా నోటికి పీచుగా తగలడానికి కారణం ఇదే.

కాలి ముక్క, మేక మాంసం, పాయా వంటివాటి సంగతి వేరు. వాటిలో కొల్లాజెన్ అనే బంధక పదార్థం, కొవ్వు ఎక్కువ. దీర్ఘకాలం వేడి తగిలినప్పుడు కొల్లాజెన్ కరిగి జెలటిన్‌గా మారి, నీరు కోల్పోయిన పోగులకు కూడా జిగురు, మెత్తదనం ఇస్తుంది. రొమ్ము ముక్కలో ఈ రెండూ చాలా తక్కువ. ఎక్కువగా ఉడికిన ముక్కను పోగులుగా చీల్చి రసంలో కలిపితే లోపం కొంత మరుగునపడుతుంది గాని పోదు.

నాటుకోడి మాంసం బ్రాయిలర్ కన్నా గట్టిగా ఉంటుంది. దానిని ఎముకతో సహా ఎక్కువసేపు ఉడికించడమే మేలు. క్రింది కొలతలు, సమయాలు బ్రాయిలర్ రొమ్ము మాంసానికి మాత్రమే వర్తిస్తాయి.

కావలసిన పదార్థాలు

(నలుగురికి)

కోడి రొమ్ము ముక్కలు - 500 గ్రాములు (ఒకే మందం గలవి)
ఉప్పు - 5 గ్రాములు
ఉల్లిపాయలు - 2
టమాటాలు - 2
అల్లం వెల్లుల్లి ముద్ద - 1 పెద్ద చెంచా
కారం, ధనియాల పొడి - ఒక్కొక్కటి 1 చిన్న చెంచా
పసుపు - పావు చెంచా
నూనె - 2 చిన్న చెంచాలు
నీరు - అర గ్లాసు
కొత్తిమీర, నిమ్మరసం - తగినంత

తయారుచేయు విధానం

ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి ఒకటి నుండి నాలుగు గంటలు ఫ్రిజ్‌లో ఉంచాలి. ఉప్పు పోగులలోని కొన్ని మాంసకృత్తులను సడలించుట వలన, ఉడికేటప్పుడు అవి నీటిని మరికొంత పట్టి ఉంచుతాయి.

స్లో కుక్కర్‌లో ఆవిరి బయటకు పోదు కాబట్టి ఉల్లిపాయలు వేగవు, పచ్చివాసన కూడా త్వరగా పోదు. అందువలన ఉల్లిపాయలు, అల్లం వెల్లుల్లి ముద్ద, కారం, ధనియాల పొడి ముందుగా బాణలిలో నూనెతో వేయించాలి. టమాటాలు, నీరు చేర్చి మరిగించి, ఆ వేడి రసాన్ని కుక్కర్‌లో పోయాలి. ముక్కలను ఒకదానిపై ఒకటి పడకుండా పరచి మూత పెట్టాలి.

170 నుండి 225 గ్రాముల ముక్కకు 'లో'లో సుమారు రెండున్నర నుండి మూడున్నర గంటలు, 'హై'లో సుమారు ఒకటిన్నర నుండి రెండు గంటలు పడుతుంది. కుక్కర్లన్నీ ఒకే విధంగా వేడెక్కవు కాబట్టి గడియారం కన్నా వంట థర్మామీటరు నమ్మదగినది. ముక్క మధ్యభాగం 74 డిగ్రీలకు చేరగానే కుక్కర్ ఆపి, ముక్కలను వేరే పళ్లెంలోకి తీయాలి. పది నిమిషాల తరువాత పోగులకు అడ్డంగా కోసి, రసం పోసి, కొత్తిమీర, నిమ్మరసం చేర్చాలి. జొన్నరొట్టెతో గాని అన్నంతో గాని తినవచ్చు.

మాటిమాటికీ మూత తీయరాదు. మూత తీసిన ప్రతిసారీ ఆవిరి పోయి, వంట 20 నుండి 30 నిమిషాలు ఆలస్యమవుతుంది.

స్లో కుక్కర్ లేనివారు ఇదే రసాన్ని అడుగు మందమైన గిన్నెలో మరిగించి, ముక్కలు వేసి, మూత పెట్టి, అతి సన్నని మంటపై 12 నుండి 15 నిమిషాలు ఉంచవచ్చు. తరువాత పొయ్యి ఆపి, పది నిమిషాలు కదపకుండా ఉంచి, వేడిని కొలవాలి.

పోషక విలువలు

చర్మం లేని 100 గ్రాముల వండిన రొమ్ము మాంసంలో సుమారు 31 గ్రాముల మాంసకృత్తులు, 3 నుండి 4 గ్రాముల కొవ్వు, 165 కిలోకాలరీలు ఉంటాయి. భారత వైద్య పరిశోధన మండలి 2020 సిఫార్సు ప్రకారం పెద్దవారికి శరీర బరువులో ప్రతి కిలోకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. అనగా 60 కిలోల మనిషికి సుమారు 50 గ్రాములు. పై కొలతలతో వండిన కూరలో ఒక్కొక్కరి వంతుకు ఇందులో సగానికి పైగా లభిస్తుంది.

రోజుకు ఉప్పు 5 గ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఈ కూరలో ఒక్కొక్కరికి వచ్చేది 1.25 గ్రాములు. నూనె పెంచినా, జీడిపప్పు ముద్ద లేక కొబ్బరి చేర్చినా రుచి పెరుగుతుంది గాని కొవ్వు తక్కువన్న ప్రయోజనం తగ్గుతుంది.

జాగ్రత్తలు

పచ్చి కోడి మాంసంలో సాల్మొనెల్లా, కాంపిలోబాక్టర్ వంటి సూక్ష్మజీవులు ఉండవచ్చు. 74 డిగ్రీల వేడిలో ఇవి వెంటనే నశిస్తాయి. రంగు తెల్లబడడం, రసం తేటగా రావడం మాంసం ఉడికిందనడానికి నమ్మదగిన గుర్తులు కావు. మాంసాన్ని కుళాయి క్రింద కడిగితే నీటి తుంపరలతో సూక్ష్మజీవులు పక్క పాత్రలపై పడతాయి. కడగడం వలన అవి నశించవు, ఉడికించడం వలన నశిస్తాయి.

5 నుండి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. స్లో కుక్కర్ ఈ హద్దును నిదానంగా దాటుతుంది కాబట్టి క్రింది నియమాలు ముఖ్యమైనవి.

గడ్డకట్టిన మాంసాన్ని నేరుగా కుక్కర్‌లో వేయరాదు. ముందుగా ఫ్రిజ్‌లోనే కరగనివ్వాలి.

పాత్రను సగానికి తక్కువ కాకుండా, మూడింట రెండు వంతులకు మించకుండా నింపాలి. పై కొలతలకు చిన్న పాత్ర చాలు. పండుగ రోజులలో బంధువుల కొరకు పాత్రను అంచు వరకు నింపితే మధ్యలోని ముక్కలు వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది.

వంట మధ్యలో విద్యుత్తు పోతే, ఇంట్లో ఉన్నవారు వెంటనే గ్యాస్ పొయ్యిపై వంట పూర్తి చేయాలి. ఇంట్లో ఎవరూ లేని సమయంలో విద్యుత్తు పోయి వచ్చినట్లు తెలిస్తే, చూపుకు ఉడికినట్లున్నా ఆ కూరను పారవేయాలి. స్టాఫిలోకోకస్ వంటి సూక్ష్మజీవులు విడిచే విషం తిరిగి మరిగించినా పోదు.

మిగిలిన కూరను రెండు గంటలలోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. గాలి ఉష్ణోగ్రత 32 డిగ్రీలు దాటినప్పుడు ఒక గంటలోపే పెట్టాలి. చల్లబడిన కూరను స్లో కుక్కర్‌లో తిరిగి వేడి చేయరాదు, పొయ్యిపై మరిగించాలి.

మెదక్ పట్టణంలో

మెదక్ పట్టణం 2016 అక్టోబరు 11 నుండి ఇదే పేరు గల జిల్లాకు కేంద్రం. ఈ పేరు 'మెతుకు' అనే మాట నుండి వచ్చిందని ప్రతీతి. ఈ ప్రాంతాన్ని మెతుకుసీమ అని కూడా అంటారు. 1924 డిసెంబరు 25న ప్రారంభమైన ఇక్కడి కెథెడ్రల్ నిర్మాణం కరువు కాలంలో పేదలకు పని, తిండి కల్పించింది.

ఇక్కడ వేసవి పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. కాబట్టి పైన చెప్పిన ఒక గంట నియమం ఈ పట్టణంలో చాలా నెలలు వర్తిస్తుంది. దుకాణం నుండి తెచ్చిన మాంసానికి కూడా ఇదే నియమం. ఉదయం పనికి వెళుతూ కుక్కర్ ఆన్ చేసి సాయంత్రం వచ్చి తినే అలవాటు ఈ మాంసానికి రెండు విధాల తగదు. ఒకటి, ముక్క ఎండిపోతుంది. రెండు, మధ్యలో విద్యుత్తు పోయినా తెలియదు. ఇంట్లో మనిషి ఉన్న పూటనే వండడం మేలు.

సముద్రమట్టానికి సుమారు 440 మీటర్ల ఎత్తున ఉండుట వలన ఇక్కడ నీరు సుమారు 98.5 డిగ్రీల వద్ద మరుగుతుంది. థర్మామీటరును మరిగే నీటిలో ముంచి పరీక్షించేటప్పుడు 100 డిగ్రీలు చూపలేదని అది చెడిపోయినదిగా భావించరాదు.

భారతదేశంలో ఇళ్లకు సరఫరా అయ్యే విద్యుత్తు 230 వోల్టులు, అమెరికాలో 120 వోల్టులు. అక్కడి బంధువులు తెచ్చిన కుక్కర్‌ను తగిన ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ఇక్కడి ప్లగ్గుకు తగిలిస్తే కాలిపోతుంది. ప్లగ్గు ఆకారాన్ని మాత్రమే మార్చే అడాప్టర్ వోల్టేజిని తగ్గించదు.