నెలకో పెంపుడు ముఖం... వీధికుక్కకో టీకా!

వినాయక చవితి చందా అడిగితే మా కరీంనగర్‌లో కాదనేవాళ్లుండరు. బతుకమ్మకైతే అడగకముందే తీసిస్తారు. అదే 'వీధికుక్కలకు రేబిస్ టీకాలు వేయిస్తాం, ఒక వంద ఇవ్వండి' అని తలుపు తట్టి చూడండి! "మనుషులకే దిక్కు లేదు, కుక్కలకు చందాలేందక్కా?" అన్నవాళ్లే మాకు ఎక్కువమంది ఎదురయ్యారు.

ఆ మాటను కొట్టిపారేయలేం. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో వీధికుక్కల దాడిలో నాలుగేళ్ల బాబు చనిపోయాడు. అప్పట్నుంచి మా కాలనీలో పిల్లల్ని ట్యూషన్‌కు ఒంటరిగా పంపాలంటే తల్లులు జంకుతున్నారు. అంత భయమున్న ఇంటి గడపలో నిలబడి కుక్కల కోసం డబ్బులడగడం అంటే మాటలా?

అందుకే మేం చందా అడగడం మానేసి క్యాలెండరు అమ్మాం. మేం అంటే అయిదుగురం ఆడవాళ్లం. ఒకామె టైలరింగ్ చేస్తుంది, ఒకామె టీచరు, మిగతా ముగ్గురం ఇంటి పట్టున ఉండేవాళ్లం. 2024 దసరా సెలవుల్లో మొదలుపెట్టి డిసెంబరు ఆఖరుకల్లా 2025 క్యాలెండరు చేతికి తెచ్చుకున్నాం.

'క్యాలెండర్లు బట్టల దుకాణంవాళ్లు ఊరికే ఇస్తారు కదా, కొనేదెవరు?' అని మా యారాలు ముందే అడిగింది. నిజమే. మన వంటింటి గోడమీద క్యాలెండరంటే పాలలెక్క, గ్యాసు తెచ్చిన తారీకు, చీటీ కట్టాల్సిన రోజు రాసుకునేది. దాన్ని డబ్బు పెట్టి ఎవరూ కొనరు. కానీ అందులో తమ ఇంటి కుక్కపిల్లో, తమ మేనత్త కోడెలో ఉంటే? అప్పుడు ఒకటి కాదు, నాలుగు కొంటారు. ఒకటి ఇంట్లోకి, మూడు చుట్టాలకు. మా లెక్కంతా ఈ ఒక్క మాట మీదే నడిచింది.

పద్ధతి ఇది. ఎవరైనా తాము పెంచుకునే జంతువు ఫొటో, దాని గురించి నాలుగు ముక్కలు రాసి పంపాలి. వచ్చినవన్నీ మా టీచరమ్మ ఇంటి వరండాలో అట్టలకు అంటించి పెట్టాం. ఒక్కో ఓటు పది రూపాయలు. ఎక్కువ ఓట్లు వచ్చిన పన్నెండు ముఖాలకు పన్నెండు నెలలు. డబ్బున్నవాళ్లు వందల ఓట్లు కొనేసి తమ కుక్కనే జనవరిలో కూర్చోబెట్టుకుంటారేమోనని, ఒక ఇంటికి ఇరవై అయిదు ఓట్లకు మించి లేవని మొదటి రోజే గీత గీశాం. దీనికి కొందరు మూతి ముడుచుకున్నారు. ముడుచుకోనీ!

పుట్టిల్లు ఆదిలాబాద్ వైపు కావడంతో ఆ పక్క ఫొటోల బాధ్యత నా మీద పడింది. అసలు తగాదా అక్కడే వచ్చింది. ఉట్నూరు దగ్గర మా చిన్నమ్మ వాళ్లు ఎడ్లజత ఫొటో పంపారు. పోలాల అమావాస్య నాటిది. ఆ రోజు దుక్కిటెద్దులకు మెడమీద కాడి పెట్టరు. వాగులో కడిగి, కొమ్ములకు రంగులేసి, వీపున జూలు కప్పి, ఊరేగించి, గుడి చుట్టూ తిప్పి తీపి పెడతారు. మరాఠా గడ్డకు ఆనుకుని ఉండటం వల్ల ఆదిలాబాద్‌లో ఈ పండుగ జోరు కరీంనగర్‌కంటే ఎక్కువ. ఫొటోలో ఎర్ర కొమ్ముల ఎడ్లు పెళ్లికొడుకుల్లా నిలబడ్డాయి. మాలో ఒకామె మాత్రం 'ఎద్దు పెంపుడు జంతువెట్లయితది? పెంపుడు జంతువంటే కుక్కా, పిల్లీ కదా' అంది.

నాకు కోపమే వచ్చింది. పేరు పెట్టి పిలిస్తే తలెత్తి చూసే ఎద్దు, ఇంటామె చేతి ముద్ద తప్ప తినని ఎద్దు పెంపుడుది కాక మరేమిటి? వేములవాడ రాజన్నకు కోడెను కట్టే మొక్కు మనది. కొడుకు పుట్టినా, జబ్బు తగ్గినా కోడెతో గుడి చుట్టూ తిరిగి మొక్కు చెల్లించే ప్రాంతంలో, బొచ్చుకుక్కే పెంపుడుదీ, ఎద్దు కాదూ అంటే ఎవరు ఒప్పుకుంటారు? ఓట్లు కూడా నా మాటే నిలబెట్టాయి. ఆ ఎడ్లకు ఆగస్టు నెల దక్కింది, పండుగ నెలే. మంచిర్యాల నుంచి వచ్చిన మూడుకాళ్ల మేకకు మార్చి. జగిత్యాలలో ఒక అవ్వ భుజం మీదెక్కి కూర్చునే కోడిపెట్టకు జూన్. నిర్మల్ పిల్లికి నవంబరు. జాతికుక్కలు రెండే నెగ్గాయి. నడి ఏప్రిల్‌లో మన ఎండకు నాలుక బయటపెట్టి రొప్పే ఆ మంచుదేశపు బొచ్చుకుక్కల్ని చూస్తే నాకు ముద్దుకంటే జాలే ఎక్కువ కలుగుతుంది. వేలు పోసి వాటిని కొనేవాళ్లు వీధిలోని గోధుమరంగు కుక్కపిల్లను తెచ్చుకుంటే మన వాతావరణానికి అదే హాయిగా బతుకుతుంది.

ఎక్కువ ఓట్లు ఎవరికొచ్చాయంటే, ఎవరిదీ కాని కుక్కకు! మా కాలనీ మూలమలుపు దగ్గర ఇస్త్రీబండి కింద పడుకునే రాజిగాడికి. ఇస్త్రీ అతను ఫొటో ఇచ్చాడు, కాలనీ మొత్తం తలా రెండు ఓట్లు వేసింది. జనవరి రాజిగాడిదే.

మొదటి మూడు బహుమతులకు ఉషేగాం డోక్రా ఎద్దుబొమ్మ ఒకటి, నిర్మల్ కొయ్యబొమ్మలు రెండు కొన్నాం. ఉషేగాం జైనూరు మండలంలో ఉంది. ఓజాలు మైనపు పోగులతో బొమ్మ చేసి, మట్టి పూసి, కాల్చి, మైనం కరిగిపోయిన ఖాళీలోకి ఇత్తడి పోస్తారు. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నిర్మల్ బొమ్మలు తేలికైన పొనికి కర్రతో చేసేవి. 'మంచి పనికే కదా, తక్కువకిమ్మని అడుగుదాం' అంది మాలో ఒకామె. అడగలేదు. చెప్పిన ధర ఇచ్చే తెచ్చాం. మన దానానికి ఆయన కూలి ఎందుకు తగ్గాలి?

జంతువుల పేరుమీద డబ్బు కూడగట్టడం మేం కనిపెట్టిందేం కాదు. అందులో ఆడవాళ్ల చెయ్యి మొదట్నుంచీ ఉంది. నాట్యకారిణి రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో పట్టుబట్టకపోతే 1960 నాటి జంతుహింస నివారణ చట్టం అంత త్వరగా వచ్చేది కాదు. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ మండలికి మొదటి అధ్యక్షురాలు ఆమే. హైదరాబాద్‌లో 1992లో బ్లూక్రాస్‌ను మొదలుపెట్టింది అక్కినేని అమల. దానికంటే ముందే, 1959లో మద్రాసులో పుట్టిన బ్లూక్రాస్ ఒక సంగతి పట్టుకుని ఏళ్ల తరబడి పోరాడింది. కుక్కల్ని చంపితే కుక్కలు తగ్గవు, ఖాళీ అయిన వీధిలోకి పక్క వీధివి వచ్చి చేరతాయి అని. 1996లో చెన్నై నగరపాలక సంస్థ చంపడం ఆపి, పిల్లలు పుట్టకుండా ఆపరేషను, రేబిస్ టీకా అనే దారి పట్టింది. ఆ దారే 2001లో దేశమంతటికీ నిబంధనలయింది. 2023లో కొత్త నిబంధనలొచ్చాయి. పట్టిన కుక్కను ఆపరేషను, టీకా తర్వాత పట్టిన చోటే వదలాలన్నది వాటిలో ముఖ్యమైంది. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా రేబిస్ ఉన్నవీ, మీదపడి కరిచేవీ తప్ప మిగతావాటిని తిరిగి వదలమంది. అదే ఏడాది నవంబరులో బడులు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి తీసినవాటిని మళ్లీ అక్కడ వదలొద్దని చెప్పింది.

ఆపరేషన్లు మాలాంటివాళ్లు చేయించే పని కాదు. దానికి మండలి గుర్తింపు ఉన్న సంస్థ కావాలి. మా చేతనయ్యేది టీకా. ఇక్కడే మళ్లీ వాదన. వచ్చిన డబ్బుతో కుక్కలకు అన్నం, బిస్కెట్లు పెడదామని ఇద్దరన్నారు. బిస్కెట్టు సాయంత్రానికి అరిగిపోతుంది, టీకా ఏడాది కాపాడుతుంది. కాపాడేది కుక్కనొక్కదాన్నే కాదు. మనుషులకు రేబిస్ వచ్చేది దాదాపు 99 శాతం కుక్కల నుంచే. ప్రపంచంలో ఏటా సుమారు 59 వేలమంది దీనితో చనిపోతున్నారని అంచనా, అందులో మూడోవంతుకు పైగా మన దేశంలోనే. పోయేవాళ్లలో నూటికి నలభైమంది పదిహేనేళ్లలోపు పిల్లలు. లక్షణాలు బయటపడ్డాక మందు లేదు. ఒక ప్రాంతంలో నూటికి డెబ్బై కుక్కలకు టీకా పడితే జబ్బు గొలుసు తెగిపోతుంది. అంటే ఈ చందా కుక్కలకంటే ముందు మన పిల్లలకు! ఈ లెక్క చెప్పాక 'మనుషులకే దిక్కు లేదు' అన్న పక్కింటామే మూడు క్యాలెండర్లు తీసుకుంది.

అందుకే జూలై పేజీ మీద బొమ్మ చిన్నది చేసి అక్షరాలు పెద్దవి వేయించాం. 1885 జూలై 6న పాశ్చర్ తొమ్మిదేళ్ల పిల్లవాడికి మొదటిసారి రేబిస్ టీకా వేయించాడు. ఆ రోజు గుర్తుగానే మన పశువైద్యశాలల్లో ఏటా జూలై 6న పెంపుడు కుక్కలకు ఉచితంగా టీకా వేస్తారు. ఆ కిందే, కుక్క కరిస్తే ఏం చేయాలో రాశాం. పారే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు గడియారం చూసి కడగాలి. పసుపు, సున్నం, కారం, కాఫీపొడి ఏవీ పెట్టొద్దు. కట్టు గట్టిగా బిగించొద్దు. ఆ రోజే ఆస్పత్రికి పోయి మొదటి సూది వేయించుకోవాలి. తర్వాతవి డాక్టరు చెప్పిన రోజుల్లో ఒక్కటీ తప్పకుండా వేయించుకోవాలి. గాయం లోతుగా ఉంటే టీకాతోపాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా కావాలి, అది అడిగి మరీ వేయించుకోవాలి. నాటువైద్యుడి దగ్గరికి పోయి వారం పోగొట్టుకున్న ఇళ్లు మా ఎరికలో ఉన్నాయి కాబట్టి ఇంత వివరంగా రాశాం.

ఇక డబ్బు సంగతి. ఎంత చిన్న పనైనా డబ్బు దగ్గరే చెడుతుంది. ఒకామె పేరుమీద కాకుండా ముగ్గురి పేర్ల మీద విడిగా ఖాతా తెరిచాం, ఇద్దరు సంతకం పెడితేనే డబ్బు బయటికి వస్తుంది. ఫోన్‌లో వేసినా, చేతికిచ్చినా ప్రతి పదిరూపాయలకూ రసీదు. మాది నమోదైన సంస్థ కాదు కాబట్టి ఆదాయపన్ను మినహాయింపు రాదని రసీదు మీదే అచ్చు వేయించాం. మినహాయింపు కావాలన్నవాళ్లను అనుమతి ఉన్న సంస్థలకే నేరుగా ఇవ్వమన్నాం, అదీ రెండు వేలు దాటితే నగదుగా కాకుండా. ఆదివారం ఆదివారం వచ్చిందెంత, పోయిందెంత ఇస్త్రీబండి పక్క గోడకు అంటించేవాళ్లం. మొదటివారం నలుగురు చదివారు. మూడోవారానికి గుంపు! అప్పటిదాకా ఇవ్వనివాళ్లు ఆ కాగితం చూశాకే ఇచ్చారు.

దుబాయ్ డబ్బు ఇంకో తలనొప్పి. మన కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల వైపు ఇంటికో మనిషి గల్ఫ్‌లో ఉంటాడు. మా మరిది 'నేనూ పంపుతా వదినా' అన్నాడు. అమెరికాలో ఉన్న మా చెల్లె మరదలు కూడా అంది. విచారిస్తే తేలింది ఇదీ. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత పొదుపులోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే మాత్రం 2010 నాటి విదేశీ విరాళాల చట్టం అడ్డొస్తుంది, అనుమతి లేనివాళ్లు తీసుకోకూడదు. మరిది డబ్బు తీసుకున్నాం. అమెరికా ఆమెకు దండం పెట్టి వద్దన్నాం. 'మన ఇంటిపిల్లే కదా' అని కొందరు నొచ్చుకున్నారు. ఇంటిపిల్లే, కానీ చట్టం ముందు కాదు.

సంక్రాంతి దాటాక పొద్దున ఆరుకే పని మొదలుపెట్టాం. నగరపాలక సంస్థకు ముందే రాతపూర్వకంగా తెలిపాం. పశువైద్యుడు వచ్చాడు. టీకా రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనంలో ఉండాలి, అందుకని ఐసుపెట్టె. కుక్కల్ని పట్టడానికి అనుభవమున్న ఇద్దరు మనుషులు. వాళ్లు ముందుగానే రేబిస్ టీకా వేయించుకున్నారా లేదా అని అడిగి, లేదన్నతనికి ఆ ఖర్చు కూడా మేమే పెట్టి, పూర్తయ్యాకే పనిలోకి రమ్మన్నాం. వలకంటే బాగా పనిచేసింది రోజూ అన్నం పెట్టే అవ్వలు. వాళ్లు పేరు పెట్టి పిలిస్తే తోక ఊపుకుంటూ వచ్చి సూది వేయించుకున్నాయి. టీకా పడినదానికి మా టైలరక్క కుట్టిన ఎర్రగుడ్డ పట్టీ మెడకు. వేలు దూరేంత వదులుగా కట్టాలి, బిగిస్తే పుండు పడుతుంది. రాజిగాడు మాత్రం క్యాలెండరులో తన బొమ్మ ఉందన్న గర్వంతోనో ఏమో రెండు రోజులు దొరకలేదు. మూడోరోజు ఇస్త్రీ అతను ఒళ్లో కూర్చోబెట్టుకుని వేయించాడు.

ఎర్రపట్టీ కనబడితే పిల్లలు 'ఇది టీకా కుక్క' అని చెప్పుకుంటున్నారు. టీకా కుక్క కరిచినా గాయం కడగాలి, ఆస్పత్రికి పోవాలి అని టీచరమ్మ బడిలో చెప్పింది.

మిగిలిపోయిన క్యాలెండర్లను ఉగాదికి సగం ధరకు అమ్మేశాం. చలికాలంలో పుట్టిన కుక్కపిల్లలకు మూడునెలలు నిండితేనే మొదటి టీకా వేయాలి. అందుకని ఆ డబ్బు ఖాతాలోనే ఉంచి, ఇస్త్రీబండి కిందివి, పాలకేంద్రం వెనకవి, వాటర్ ట్యాంకు దగ్గరవి పిల్లల్ని లెక్కపెట్టి, నిండే తారీకులన్నీ ఏప్రిల్ పేజీలో పాలలెక్క పక్కనే రాసిపెట్టుకున్నాం.