సరళాసాగర్‌కు ఆ బిరుదు అక్కర్లేదు

హైదరాబాద్‌ నుంచి కర్నూలు పోయే 44వ నంబరు జాతీయ రహదారిలో కొత్తకోట దగ్గర పక్కకు మళ్లితే మదనాపురం వస్తుంది. వనపర్తి రోడ్డు రైల్వేస్టేషన్‌ ఉన్నది ఈ ఊళ్లోనే. మదనాపురం మండలంలోని శంకరంపేట దగ్గర ఊకచెట్టు వాగుకు అడ్డంగా సరళాసాగర్‌ కట్టారు. వానలు దండిగా పడిన ఏడు జనం బండ్లు కట్టుకుని మరీ వస్తారు. జూరాలలోలాగా గేట్లెత్తడం చూద్దామంటే ఇక్కడ గేట్లే లేవు. నీళ్లు నిండు మట్టానికి రాగానే సైఫన్లు వాటంతటవే పారతాయి, మట్టం తగ్గగానే ఆగిపోతాయి. కరెంటు లేదు, మోటారు లేదు, మీట నొక్కే మనిషి లేడు. జనాన్ని ఆపే వింతలు ఇంకోచోటా ఉన్నాయి. కెనడా మైదానాల్లోని వెగ్రెవిల్‌ అనే చిన్న పట్టణం 1975లో అల్యూమినియంతో భారీ ఈస్టర్‌ గుడ్డు నిలబెట్టి బాటసారుల్ని ఆపుకుంది. అది చూడ్డానికి చేసిన వింత. మనది పని చేయడానికి కట్టింది, వింతగా ఉండటం దాని కొసరు. అలాంటిదాన్ని ఊరికే ‘ఆసియాలోనే మొట్టమొదటి ఆటోమేటిక్‌ సైఫన్‌ ప్రాజెక్టు’ అని చెప్పి ఊరుకోవడం దాని విలువను తగ్గించడమే.

ఆ బిరుదు నిలవదు కూడా. కర్ణాటకలో తుమకూరు జిల్లా మార్కోనహళ్లి జలాశయానికి మైసూరు సంస్థానం రోజుల్లోనే ఆటోమేటిక్‌ సైఫన్లు పెట్టారు. సరళాసాగర్‌కు శంకుస్థాపన జరిగింది 1949లో, పూర్తయింది 1959లో. సైఫన్‌ రకాల్లో తేడాలున్నాయని వాదించి ‘మొదటిది’ అనే మాటను ఎలాగో నిలబెట్టవచ్చు గానీ, అంత పాట్లు దేనికి? వనపర్తి సంస్థానాధీశుడు రాజా రామేశ్వరరావు అమెరికాలో ఈ పద్ధతి గురించి తెలుసుకుని, తల్లి సరళాదేవి పేరిట తన సీమలో కట్టించారన్నది చాలదా? సంస్థానం విలీనమై, హైదరాబాద్‌ రాష్ట్రం పోయి, ఆంధ్రప్రదేశ్‌ ఏర్పడ్డాక గానీ పని ముగియలేదు.

దీని పనితీరులోనే అసలు రుచి ఉంది. మన చెరువుల అలుగు కూడా మనిషి లేకుండానే పారుతుంది. నిండితే మత్తడి దుంకుతుంది. కాని అలుగు మీద నీటి మందం జానెడుంటే పారేది కొద్దిపాటి నీరే. ఎక్కువ పారాలంటే చెరువు ఇంకా పొంగాలి, లేదా అలుగు బారెడు బారెడు పొడిగించాలి. సైఫన్‌లో అలుగు మీద కాంక్రీటు గొట్టం కప్పుతారు. నీరు అంచు దాటి లోపలి గాలిని ఈడ్చుకుపోతుంది. గాలి పోగానే గొట్టం నిండా నీరు పట్టి, పై మట్టానికీ కింది మూతికీ ఉన్న ఎత్తు తేడా మొత్తం నీటిని లాగడం మొదలుపెడుతుంది. అందుకే మట్టం కొద్దిగా పెరిగినా ప్రవాహం ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. మట్టం దిగి గాలి చొరబడగానే లాగడం ఆగుతుంది. ఇక్కడ 17 సైఫన్లు, వాటిని రాజేసే ప్రైమింగ్‌ సైఫన్లు 4 ఉన్నాయి.

అర టీఎంసీ కుంటకు ఇంత హడావుడా అని పెద్ద ప్రాజెక్టుల ఇంజనీర్లు నవ్వవచ్చు. పెద్దవాటి సంగతీ చూశాం. 2023 జులై వరదకు కడెం ప్రాజెక్టులో 18 గేట్లకు 4 తెరుచుకోలేదు. 2024 ఆగస్టులో తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి గేటే కొట్టుకుపోయింది. తుంగభద్ర నీటిని మళ్లించే రాజోలిబండ పథకం (ఆర్డీఎస్‌) మీద ఆశపెట్టుకున్న అలంపూర్‌ రైతుకు ఆ బాధ తెలుసు. తెగే గొలుసు, మొరాయించే మోటారు సైఫన్‌కు లేవు. మరి 2019 డిసెంబర్‌ 31న సరళాసాగర్‌కే గండి పడింది కదా అంటారు. నిజమే, నీళ్లన్నీ పోయాయి. కాని తెగింది మట్టికట్ట. ఆ తర్వాత కట్టను మళ్లీ కట్టారు. సైఫన్‌ వరదను పారించగలదేమో గానీ కట్టను కాపలా కాయలేదు. మనిషితో పనిలేని యంత్రం ఉందని మనిషి కట్ట మీదికి రావడం మానేస్తే తప్పు యంత్రానిది కాదు.

సైఫన్లకు అసలైన లోపం వేరే ఉంది, దాన్ని ఒప్పుకోవాలి. అవి ఎప్పుడు తెరుచుకోవాలో మనం చెప్పలేం. గేటైతే కొద్దికొద్దిగా ఎత్తవచ్చు, దిగువ ఊళ్లకు ముందే కబురు పెట్టవచ్చు. సైఫన్‌ అర్ధరాత్రి తెరుచుకున్నా అడిగేవాడు లేడు. దిగువన ఊకచెట్టు వాగు పొంగి, మదనాపురం, ఆత్మకూరు మధ్య రాకపోకలు ఆగిపోవడం ఇక్కడివాళ్లకు కొత్త కాదు. అందుకే కొత్త జలాశయాలన్నిటికీ సైఫన్లే పెట్టాలనడం లేదు. చిన్న జలాశయానికి, కాపలా తక్కువున్న చోటికి ఇది తెలివైన ఏర్పాటు అన్నంత మటుకే నా వాదన.

నీటిపారుదల శాఖ చేయాల్సిన పని పెద్దదేమీ కాదు. కట్ట మీద సైఫన్‌ను నిలువునా కోసినట్టు చూపే బొమ్మ, పక్కన తెలుగులో నాలుగు వాక్యాలు పెడితే వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్‌ బడిపిల్లలకు అంతకు మించిన భౌతికశాస్త్ర పాఠం దొరకదు. నీరు నిండు మట్టానికి దగ్గరపడితే మోగే సైరనొకటి దిగువ ఊళ్లకు పెట్టాలి. వానాకాలంలో చూడబోయేవాళ్లు సైఫన్ల కింద దిగకండి, మదనాపురం దగ్గర కాజ్‌వే మీద నీళ్లుంటే బండి దింపకండి.