గీత మీది కొలువు

డిఫెన్సివ్ లైన్‌మన్ అమెరికన్ ఫుట్‌బాల్‌లో ముందు వరసలో నిలబడతాడు, అందరికన్నా తక్కువగా కళ్లబడతాడు. ఈ ఆటలో బంతి చేతిలో ఉన్న జట్టుకు నాలుగు అవకాశాలు ఇస్తారు. వాటిలో పది గజాలు ముందుకు జరిగితే మరో నాలుగు వస్తాయి, జరగకపోతే బంతి ఎదుటివాళ్ల పరమవుతుంది. మైదానంలో జట్టుకు పదకొండు మంది. బంతి పెట్టిన చోట అడ్డంగా ఒక గీత ఉందనుకుంటే, దానికి ఇవతల చెయ్యి నేలకు ఆనించి వంగి ఉండే ముగ్గురో నలుగురో డిఫెన్సివ్ లైన్‌మెన్. మధ్యలోవాళ్లను ట్యాకిల్స్ అనీ, అంచుల్లోవాళ్లను ఎండ్స్ అనీ అంటారు. చాలామంది 120 నుంచి 150 కిలోల దాకా తూగుతారు. ఆ పది గజాలూ దక్కనివ్వకపోవడమే వాళ్ల ఉద్యోగం.

ఒక్కో అవకాశంలో జరిగే ఆట విడత కొన్ని సెకన్లలో ముగిసిపోతుంది. ఎదుటి జట్టును నడిపించే క్వార్టర్‌బ్యాక్ గొంతెత్తి సంకేతాలు అరుస్తుంటాడు. లైన్‌మన్ వాటిని నమ్ముకోకూడదు. అరుపు తీరు మార్చి ఇతన్ని తొందరపెట్టి, ముందే గీత దాటించి జరిమానా రాబట్టడం క్వార్టర్‌బ్యాక్‌కు బాగా తెలిసిన విద్య. అందుకే చూపు బంతి మీదే ఉండాలి. బంతి కదిలిన క్షణానే ఇతనూ కదలాలి. మొదటి అడుగు పొట్టిగా, వేగంగా పడాలి. రెండో అడుగుకల్లా రెండు చేతులూ ఎదుటివాడి ఛాతీ కవచం కిందికి దూరాలి. ఎవరి భుజాలు కిందుగా ఉంటే బలం వాళ్లది, నడుం నిటారైనవాడు వెనక్కి పోతాడు. క్వార్టర్‌బ్యాక్ మామూలుగా రెండున్నర, మూడు సెకన్లలో బంతి విసిరేస్తాడు. ఎదురుగా ఉన్న 140 కిలోల మనిషిని తోసుకునో, తప్పించుకునో, తిప్పేసో అతని దగ్గరికి చేరడానికి ఉన్న వ్యవధి అంతే.

బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ను గీతకు వెనకే పడగొడితే దాన్ని శాక్ అంటారు. లైన్‌మన్ పేరు పత్రికలకెక్కేదీ, జీతం పెరిగేదీ ఎక్కువగా దాని వల్లనే. అయితే ఈ వృత్తిలో అన్యాయమంతా ఆ లెక్కలోనే ఉంది. మధ్యలో ఉండే ట్యాకిల్ ఇద్దరు ప్రత్యర్థులను ఒంటరిగా నిలువరిస్తేనే వెనకున్న సహచరుడికి దారి దొరుకుతుంది. పడగొట్టిన పేరు ఆ సహచరుడికి దక్కుతుంది, ఇద్దరినీ మోసినవాడి ఖాతాలో ఏమీ పడదు. పైగా నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ శాక్‌లను అధికారికంగా లెక్కపెట్టడం మొదలుపెట్టింది 1982లో. అంతకుముందు లాస్ ఏంజిలిస్ రామ్స్‌కు ఆడిన డీకన్ జోన్స్ లాంటి మేటి ఆటగాళ్ల శ్రమ అధికారిక పట్టికల్లో లేదు.

ఈ వృత్తి మెట్లు ఎలా ఉంటాయో ఆరన్ డోనాల్డ్ జీవితంలో స్పష్టంగా కనిపిస్తుంది. 1991లో పిట్స్‌బర్గ్‌లో పుట్టాడు. పన్నెండేళ్ల వయసు నుంచే తండ్రి ఆర్చీ తెల్లవారుజామున నాలుగున్నరకు లేపి, ఇంటి కింది గదిలో పెట్టిన బరువుల దగ్గరికి తీసుకెళ్లేవాడు. హైస్కూలు ముగించాక ఊళ్లోనే ఉన్న పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో చేరాడు. హైస్కూలు వదిలి మూడేళ్లు గడవనిదే లీగ్ ఎవరినీ తీసుకోదు కాబట్టి ఈ కాలేజీ దశను తప్పించుకునే వీల్లేదు. ఆ తర్వాత ఇండియానాపోలిస్‌లో ఏటా జరిగే పరీక్షల శిబిరం ఉంటుంది. అక్కడ ఎత్తు, బరువు, వేగం, బలం అన్నీ కొలుస్తారు. డోనాల్డ్ ఎత్తు 6 అడుగుల 1 అంగుళం. ట్యాకిల్‌కు అది తక్కువేనని అప్పటి అంచనా. కానీ 102 కిలోల బరువును పడుకుని 35 సార్లు ఎత్తాడు, 40 గజాలను 4.68 సెకన్లలో పరుగెత్తాడు. 2014 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్తవాళ్లను ఎంచుకునే సభలో, 13వ పేరుగా రామ్స్ అతన్ని తీసుకుంది.

పదేళ్లు ఆడి 111 శాక్‌లు చేశాడు. ఒక్క 2018లోనే 20.5. ఇద్దరు కలిసి పడగొడితే చెరి సగం ఇస్తారు కనుక ఆ అర. లీగ్‌లో ఉత్తమ డిఫెన్స్ ఆటగాడిగా 2017, 2018, 2020లలో మూడుసార్లు ఎంపికయ్యాడు. అయినా అందరూ గుర్తుపెట్టుకున్న అతని విడత శాక్ కాదు. 2022 ఫిబ్రవరి 13న లీగ్ ఫైనల్ అయిన సూపర్‌బౌల్ ఆఖరి నిమిషంలో రామ్స్ 23-20 ఆధిక్యంలో ఉంది. ప్రత్యర్థి సిన్సినాటికి మిగిలింది నాలుగో అవకాశం, జరగాల్సింది ఒక్క గజం. డోనాల్డ్ లైన్ చీల్చుకుని వెళ్లి క్వార్టర్‌బ్యాక్ జో బరోను పట్టి గిరగిరా తిప్పేశాడు. బరో పడిపోతూ విసిరిన బంతి ఎవరికీ అందలేదు. బంతి చెయ్యి దాటింది కాబట్టి లెక్కల్లో అది శాక్ కాదు, అందని పాస్ మాత్రమే. రామ్స్‌కు ట్రోఫీ దక్కింది ఆ పట్టుతోనే.

ఇక జీతం సంగతి. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడల కంపెనీల్లో పనిచేసేవారికి పర్మనెంటు, కాంట్రాక్టు తేడా విడమరిచి చెప్పాల్సిన పనిలేదు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఎంత పెద్ద ఆటగాడైనా కాంట్రాక్టు మనిషే. కొత్తగా డ్రాఫ్ట్ అయినవాడికి నాలుగేళ్ల ఒప్పందం ఉంటుంది, కానీ జట్టు మధ్యలోనే తీసేయొచ్చు. అందులో ‘హామీ’ అని రాసిన సొమ్ము మాత్రమే ఖాయంగా చేతికొచ్చేది. 2018లో డోనాల్డ్ కుదుర్చుకున్న ఆరేళ్ల 13.5 కోట్ల డాలర్ల ఒప్పందంలోనూ హామీ మొత్తం 8.7 కోట్లే. దాని కోసం వరుసగా రెండేళ్లు శిక్షణ శిబిరాలకు వెళ్లకుండా బెట్టు చేశాడు. అది ధనాశ అనుకోవడం పొరపాటు. ఒక్క మోకాలి గాయంతో మొత్తం ఆవిరైపోయే కొలువులో ముందుగా హామీ అడగడం వివేకమే. ఆగస్టు చివర్లో ప్రతి జట్టూ 90 మందిని 53కు కుదిస్తుంది. 32 జట్లు కలిపి చూస్తే వెయ్యి మందికి పైగా రోడ్డున పడతారు. వాళ్లలో కొందరిని సాధన బృందాల్లోకి తిరిగి తీసుకుంటారు. ఆటగాళ్ల సంఘం లెక్క ప్రకారం సగటు ఉద్యోగ కాలం మూడేళ్లకు కాస్త ఎక్కువ. పింఛను హక్కు రావాలంటే కనీసం మూడు సీజన్లు నిలబడాలి. సగటుకూ ఆ గడువుకూ మధ్య దూరం ఎంత తక్కువో చూస్తే చాలామంది లైన్‌మెన్ ఆందోళన అర్థమవుతుంది.

శరీరం చెల్లించే మూల్యం వేరే ఉంది. మోకాళ్లు, భుజాలు, నడుం అరగడం కళ్లకు కనిపిస్తుంది. తలకు తగిలేది కనిపించదు. లైన్‌మన్ తల దాదాపు ప్రతి విడతలోనూ ఎదుటివాడికి తగులుతుంది. స్పృహ తప్పించే దెబ్బ కాకపోయినా, ఆ చిన్న తాకిళ్లే ఏళ్ల తరబడి పోగై మెదడును క్షీణింపజేసే సీటీఈ అనే జబ్బుకు దారితీయవచ్చు. మతిమరుపు, కుంగుబాటు, కోపం దాని లక్షణాలు. మరణానంతరం మెదడును పరీక్షిస్తేనే అది ఖాయమవుతుంది. బోస్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో ప్రకటించిన ఫలితాల్లో, పరీక్షించిన 111 మంది మాజీ లీగ్ ఆటగాళ్లలో 110 మందికి ఆ జబ్బు ఆనవాళ్లున్నాయి. అనుమానం ఉన్న కుటుంబాలే ఎక్కువగా మెదళ్లను దానం చేశాయి కనుక అందరు ఆటగాళ్లకూ ఇదే నిష్పత్తి వర్తించదు. అయినా కొట్టిపారేయదగ్గ సంఖ్య కాదు. డోనాల్డ్ 2024 మార్చిలో, ఇంకా 32 ఏళ్లకే ఆట విరమించాడు.

విరమణ తర్వాతి జీవితాన్ని ఆడుతుండగానే కట్టుకున్న లైన్‌మన్ అలన్ పేజ్. 1945లో ఒహాయో రాష్ట్రంలోని కాంటన్‌లో పుట్టాడు. ఆ ఊళ్లోనే ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ భవనం కడుతున్నప్పుడు కుర్రవాడిగా కూలి పనిచేశాడు. 1967లో మిన్నెసోటా వైకింగ్స్‌లో చేరి, 1971లో లీగ్ అత్యుత్తమ ఆటగాడయ్యాడు. డిఫెన్స్ ఆటగాడికి ఆ గౌరవం అదే మొదటిసారి. ఆడుతూనే లా చదివి 1978లో పట్టా పుచ్చుకున్నాడు. దూరపు పరుగులు అలవాటై బరువు తగ్గాడు. అదే ఏడు వైకింగ్స్ వదులుకుంటే షికాగో బేర్స్ తీసుకుంది, అక్కడ 1981 దాకా ఆడాడు. 1988లో, ఒకప్పుడు కూలికి పనిచేసిన భవనంలోనే అతనికి స్థానం దక్కింది. 1993 నుంచి 2015 దాకా మిన్నెసోటా సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా ఉన్నాడు. ఆ న్యాయస్థానంలో కూర్చున్న తొలి నల్లజాతీయుడు అతనే.

అమెరికా కాలేజీల బయటి నుంచి ఈ కొలువుకు చేరే దారి ఇరుకైనది, కానీ లేకపోలేదు. నైజీరియాలో పుట్టి, పదేళ్ల వయసులో సోదరితో పాటు లండన్ వీధుల్లో వదిలేయబడిన ఎఫే ఒబాడా అక్కడి వారియర్స్ క్లబ్బుకు అయిదు మ్యాచ్‌లు మాత్రమే ఆడాడు. విదేశీ క్రీడాకారుల కోసం లీగ్ పెట్టిన పథకం ద్వారా 2017లో కరోలినా పాంథర్స్‌లో చేరి, డిఫెన్సివ్ ఎండ్‌గా నిలదొక్కుకున్నాడు.

తెలుగు నేలకు ఈ ఆట బాగా దగ్గరగా వచ్చింది 2012లో. ఎలైట్ ఫుట్‌బాల్ లీగ్ ఆఫ్ ఇండియా తొలి సీజన్‌లో హైదరాబాద్ స్కైకింగ్స్ ఒక జట్టు. తండ్రి వైపు భారతీయ మూలాలున్న అమెరికన్ ఫుట్‌బాల్ మాజీ ఆటగాడు బ్రాండన్ చిల్లర్ ఆ లీగ్‌లో పెట్టుబడి పెట్టాడు. రగ్బీ, ఇతర ఆటల నుంచి వచ్చిన కుర్రాళ్లు కొత్తగా ఈ నియమాలు నేర్చుకుని బరిలోకి దిగారు. పూణె మరాఠాస్ ఫైనల్‌లో ఢిల్లీ డిఫెండర్స్‌ను 6-0తో ఓడించింది. లీగ్ మాత్రం నిలదొక్కుకోలేదు. బలమైన కుర్రాళ్లకు కొదవ లేకపోయినా, స్కూలు మైదానం నుంచి మెట్టు మెట్టుగా పైకి తెచ్చే ఏర్పాటు ఇక్కడ లేదు. 2023 అక్టోబరులో ముంబైలో సమావేశమైన అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ, క్రికెట్‌తో పాటు ఫ్లాగ్ ఫుట్‌బాల్‌ను 2028 లాస్ ఏంజిలిస్ క్రీడల్లో చేర్చింది. అది జట్టుకు అయిదుగురు ఆడే రూపం. అందులో ప్రత్యర్థిని పడగొట్టకుండా నడుముకు వేలాడే పట్టీని లాగేస్తే చాలు. తోపులాటకు తావు లేని ఆ ఆటలో డిఫెన్సివ్ లైన్‌మన్ స్థానమే లేదు.