మేడమీది కుళాయిలో ధార యేల సన్నగిల్లును?

ఏలూరులో గాని, తాడేపల్లిగూడెములో గాని, మూడంతస్తుల మేడపైని తొట్టి నిండుగా నున్నను, నేలయంతస్తు కుళాయినుండి నీరు ఉరవడిగా దూకుచుండగా, తొట్టికి మిక్కిలి చేరువనున్న పైయంతస్తు కుళాయిలో సన్నని ధారయే యేల జారును? పీడనమును నిర్ణయించునది తొట్టిలోని జలరాశి కాదు. నీటిమట్టమునకును కుళాయికిని నడుమనున్న నిట్టనిలువు ఎత్తు. పది మీటర్ల యెత్తునకు సుమారొక వాతావరణ పీడనము చేకూరును. మూడు మీటర్లకు అందు మూడవ వంతునకు మించదు. కొల్లేరు ఎంత విశాలమైనను, అందు నడుములోతున నుండు నీటిపీడనము మన పెరటినూతిలో నడుములోతున నుండు దానికంటె అధికము కాదు. ఇది నాకు నేటికిని అద్భుతముగనే తోచును.

ఈ పీడనమే నీటికారుటను గూడ పట్టియిచ్చును. శీతలదేశములందు స్థిరపడిన మనవారి యిండ్లలో, వేడినీరు మూసిన గొట్టముల వలయమున తిరుగుచు గదులను వెచ్చబెట్టును. చల్లగా నున్నపుడు పీడనమాపకపు ముల్లు సాధారణముగా 1, 1.5 బార్‌ల నడుమ నిలుచును (ఒక బార్ సుమారొక వాతావరణ పీడనము). మాటిమాటికి దిగజారినచో, నీరెచటనో కారుచున్నదని శంకింపవలెను.

మన యింట ముల్లు లేదు, తొట్టియే సాక్షి. బాలలారా, పెద్దలను తోడుగొని, రాత్రి మోటారు ఆపి, కుళాయిలన్నియు బిగించి, తొట్టిలో కఱ్ఱముంచి తడి యెంతవఱకు వచ్చెనో గుర్తిడుడు. తెల్లవాఱిన పిదప మరల కొలువుడు. మట్టము తగ్గెనా? మఱునాటి రాత్రి తొట్టి క్రింది వాల్వును గూడ మూయుడు. అప్పుడును తగ్గినచో లోపము తొట్టియందే. తగ్గకున్నచో గొట్టములందో కుళాయిలందో యున్నది. మఱుగుదొడ్డి ఫ్లష్ తొట్టిలో కొంచెము రంగు కలిపి చూడుడు: ఎవరును మీట నొక్కకయే ఆ రంగు పళ్లెములోనికి దిగినచో, రాత్రియంతయు నిశ్శబ్దముగా నీరు పోవుచున్న దారి యదియే.