సీడు వదలడానికి ముందు: ఉప్పునీటి రొయ్యల చెరువు తయారీ – ప్రక్రియ, పరిభాష

వ్యాస సంగ్రహం: కోస్తా ఆంధ్రలో ఉప్పునీటి రొయ్యల సాగు మూడు దశాబ్దాలకు పైబడినది. రొయ్యపిల్లను వదలడానికి ముందు చెరువును సిద్ధం చేసే పనులను, వాటి వెనుకనున్న రసాయన, జీవ కారణాలను ఈ వ్యాసం వివరిస్తుంది. ఆ పనులను చెప్పే తెలుగు మాటల్లో ఏవి స్పష్టంగా ఉన్నాయో, ఏవి రైతుకు నష్టం తెచ్చేంత విశాలార్థంలో ఉన్నాయో పరిశీలిస్తుంది.

కీలక పదాలు: రొయ్యల చెరువు, సీడు, సున్నం, పీహెచ్, అమోనియా, వృత్తి పదజాలం.

1. ఉపోద్ఘాతం

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలతో 1962లో వెలువడింది. అప్పటికి తీరంలో నేటి తరహా రొయ్యల సాగు లేదు. టైగర్ రొయ్య పెంపకం 1990ల తొలినాళ్ళలో విస్తరించింది. 1994-95లో తెల్లమచ్చ తెగులు దానిని దెబ్బతీసింది. తీరప్రాంత రొయ్యల చెరువులపై సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో తీర్పు ఇచ్చింది. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ ప్రాధికార చట్టం వచ్చింది. 2009లో వనామీ రొయ్యకు అనుమతి లభించాక సాగు మళ్ళీ ఊపందుకుంది. నేడు దేశంలో రొయ్యల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. ఇంత పెద్ద వృత్తికి తగిన పదకోశం మాత్రం మన చేతిలో లేదు.

మాచర్లలో పాఠం చెప్పే నాకు సముద్రంతో సంబంధం లేదు. మా విద్యార్థి ఒకరి మేనమామ తీరంలో చెరువు కౌలుకు తీసుకున్నారు. ఒక వ్యాపార సంస్థ ఇచ్చిన తెలుగు కరపత్రాన్ని ఆ విద్యార్థి నా దగ్గరకు తెచ్చి, “సార్, ఇందులో సున్నం అంటే ఏ సున్నం?” అని అడిగాడు. అప్పటికే ఆలస్యమైంది. ఆయన నీరు నింపిన చెరువులో కాల్చిన సున్నం చల్లారు, వారంలోపే పిల్లను వదిలారు, చాలావరకు దక్కలేదు. కారణం అదొక్కటే అనలేను. కానీ ఆ ప్రశ్నకు కరపత్రంలో జవాబు లేదన్నది మాత్రం నిజం.

2. ఎండగట్టడం, సున్నం

పాత పంట తీశాక నీరంతా వదిలి, నేల బీటలు వారేదాకా చెరువును ఎండగడతారు. అడుగున మిగిలిన మేత, విసర్జనలు గాలి తగలకుండా కుళ్ళితే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. కోడిగుడ్డు కుళ్ళిన వాసన దానిదే. ఎండ, గాలి తగిలితే ఆ సేంద్రియ పదార్థం ఆక్సీకరణం చెందుతుంది. మరీ మందంగా పేరుకున్న నల్లమట్టిని ఎత్తి గట్టు బయట పోయాలి. గట్టు మీదే పోస్తే తొలివానకు తిరిగి చెరువులోకే చేరుతుంది.

తరువాతిది సున్నం. సున్నం అనగానే పల్నాటివారికి పిడుగురాళ్ళ బట్టీలు గుర్తుకొస్తాయి. అయితే ఈ ఒక్క మాట కింద మూడు వేర్వేరు పదార్థాలున్నాయి. సున్నపురాయిని కాల్చకుండా పొడి చేసినది కాల్షియం కార్బనేట్. ఇది నెమ్మదిగా పనిచేస్తుంది. నీటి పీహెచ్‌ను ఎనిమిది చిల్లర దాటనివ్వదు. బట్టీలో కాల్చినది కాల్షియం ఆక్సైడ్. దానిపై నీళ్ళు చల్లితే వేడెక్కి, పొంగి, విరిసి కాల్షియం హైడ్రాక్సైడ్ అవుతుంది. ఈ రెండూ పీహెచ్‌ను ఒక్కసారిగా పెంచగలవు. అడుగున ఆరని తడి మడుగుల్లో క్రిములను చంపడానికి కాల్చినది వాడవచ్చు. నీరు నిండి, పిల్ల దిగబోయే చెరువులో అదే ప్రమాదకరం. గోడకు వేసేవాడికీ, తాంబూలంలో రాసుకునేవాడికీ ‘సున్నం’ చాలు. చెరువు రైతుకు చాలదు. ‘రాతిపొడి సున్నం’, ‘కాల్చిన సున్నం’, ‘విరిసిన సున్నం’ అని విడదీసి రాయడం కరపత్రం రాసేవారి కనీస బాధ్యత అని నా అభిప్రాయం.

3. నీరు పెట్టడం, క్లోరిన్

కాలువ నీటిని సన్నని వలగుడ్డ సంచుల గుండా వడకట్టి నింపుతారు. అడవిచేపల గుడ్లు, పీతపిల్లలు, చిల్లర రొయ్యలు లోపలికి రాకూడదు; తెల్లమచ్చ వైరస్‌ను అవి మోసుకురాగలవు. గట్టు చుట్టూ పీతలకు కంచె, పైన పక్షులకు దారాలు కట్టేదీ ఇందుకే.

వడకట్టిన నీటిని బ్లీచింగ్ పౌడరుతో శుద్ధి చేస్తారు. సాధారణంగా చెప్పే మోతాదు 60 పీపీఎం, అంటే ఘనమీటరు నీటికి 60 గ్రాములు. ఎకరం 4,047 చదరపు మీటర్లు. లోతు ఒక మీటరైతే సుమారు 243 కిలోలు, మీటరున్నరైతే 364 కిలోలు కావాలి. “ఎకరానికి ఎన్ని బస్తాలు?” అన్న ప్రశ్నలో లోతు మాయమవుతుంది. మెట్ట సేద్యంలో ఎకరం లెక్క సరిపోతుంది. నీటి సేద్యానికి ఘనపరిమాణం కావాలి. మన కొలత మాటలు నేలకు కట్టుబడినవి.

సున్నాన్ని, బ్లీచింగును కలిపి చల్లడం మరో పొరపాటు. క్లోరిన్‌లో క్రిములను బాగా చంపేది హైపోక్లోరస్ ఆమ్లం. పీహెచ్ 7.5 దగ్గర అది సుమారు సగం ఉంటుంది, 8.5కు వచ్చేసరికి పదో వంతుకు పడిపోతుంది. సున్నం పీహెచ్‌ను పెంచి, ఖరీదుపెట్టి కొన్న బ్లీచింగ్ బలాన్ని హరిస్తుంది. ఎండకు, గాలికి క్లోరిన్ కొన్ని రోజుల్లో పోతుంది. పోయిందో లేదో పరీక్ష కిట్‌తో చూడాలి. వాసన మీద ఆధారపడరాదు.

4. శుభ్రమైన నీరు, సిద్ధమైన నీరు

ఇక్కడే అసలు చిక్కు ఉంది. క్లోరిన్ వేసిన నీరు శుభ్రమైనదే, కానీ జీవించడానికి సిద్ధమైనది కాదు. రొయ్య విసర్జించే అమోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా కూడా క్లోరిన్‌కు చచ్చిపోతుంది. ఈ బాక్టీరియా పనిని రష్యన్ శాస్త్రజ్ఞుడు విన్‌గ్రాడ్‌స్కీ 1890 ప్రాంతంలోనే నిరూపించాడు. ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టేవారు చేపను తెచ్చేముందు నాలుగైదు వారాలు తొట్టిని ఖాళీగా నడిపేది ఈ బాక్టీరియా రాళ్ళకూ ఇసుకకూ పట్టుకోవడానికే. అద్దంలా మెరిసే కొత్త తొట్టిలో చేపలు చచ్చిపోవడానికి కారణం చాలాసార్లు అమోనియాయే.

అమోనియా విషం పీహెచ్‌తో ముడిపడి ఉంది. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే విషపూరిత భాగం దాదాపు పదింతలవుతుంది. పైన చెప్పిన సున్నం పొరపాటు ఇక్కడ రెండోసారి దెబ్బ తీస్తుంది. ఉప్పదనం తగ్గిన చెరువుల్లో నైట్రైట్ మరింత బాధిస్తుంది. నీటిలోని క్లోరైడు దాని విషాన్ని కొంత అడ్డుకుంటుంది కనుక.

చెరువులో ఈ భారాన్ని బాక్టీరియాతో పాటు ప్లాంక్టన్ కూడా మోస్తుంది. తవుడు, బెల్లం, ఈస్ట్ కలిపి ఒకటి రెండు రోజులు పులియబెట్టి చల్లుతారు. నీటికి రంగు వస్తుంది. నలుపు తెలుపుల సెచ్చి పళ్ళెం 30 నుంచి 40 సెంటీమీటర్ల లోతులో కనుమరుగైతే ప్లాంక్టన్ తగినంత ఉన్నట్టు. ఇక్కడ ‘శుభ్రం’ అన్న మాట తప్పుదారి పట్టిస్తుంది. అడుగు కనిపించే తేటనీరు మంచినీళ్ళ బావికి గుణం, రొయ్యల చెరువుకు లోపం.

5. పిల్లను దించడం

ఎండ తగ్గిన వేళ సీడు సంచులను విప్పకుండా చెరువు నీటిపై తేలనిస్తారు; వేడి సమానమవుతుంది. ఆ తరువాత చెరువు నీటిని కొద్దికొద్దిగా సంచుల్లో కలుపుతారు. ఉప్పదనం, పీహెచ్ సర్దుకుంటాయి. జాగ్రత్తపరులైన రైతులు అంతకు ముందే చెరువులో చిన్న వలగుడ్డ గది కట్టి, వంద పిల్లలను లెక్కపెట్టి అందులో వేసి, మర్నాడు మళ్ళీ లెక్కపెడతారు. వందకు ఎన్ని మిగిలాయో చూశాకే మిగతా సీడుకు డబ్బు కడతారు.