తానెక్కడుందో తెలియని అద్దం

విజయవాడ ఆటోనగర్‌లో కార్ల వైరింగ్ పని నాది. డోరు అద్దాల గురించి నా దగ్గరికొచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువగా వినబడేది ఒకటుంది. "మేస్త్రీ, అద్దం చివరిదాకా తిప్పితే లోపల టిక్ టిక్ మంటోంది. గేరు అరిగిపోయిందా?" అరగలేదు. అలా టిక్ టిక్ మనడానికే దాన్ని తయారుచేశారు. ఆ చప్పుడు ఎందుకొస్తుందో చెబితే ఆ అద్దం కథ సగం చెప్పినట్టే.

ముందు గ్లాసు ఊడదీద్దాం. గ్లాసు వెనక ఒక ప్లాస్టిక్ ప్లేటు, దాని వెనక అరచేతిలో పట్టేంత నల్లటి డబ్బా ఉంటాయి. ఆ డబ్బాను అందరూ మిర్రర్ మోటార్ అంటారు గానీ, అందులో ఉన్నవి రెండు మోటార్లు. ప్లేటు నడిమధ్య ఒక గుండు మీద కూర్చుంటుంది. వేలి కొన మీద పళ్లెం నిలబెట్టి, దాని పై అంచును ఒకచోట, పక్క అంచును ఒకచోట నెట్టినట్టు ఊహించుకోండి. పై అంచు నెడితే పళ్లెం ముందుకీ వెనక్కీ వాలుతుంది, పక్క అంచు నెడితే పక్కకు వాలుతుంది. ఇక్కడా అంతే. ఆ రెండుచోట్లా రెండు పుల్లలు ప్లేటును నెడుతూ లాగుతూ ఉంటాయి. ఒక్కో పుల్లకు ఒక్కో మోటారు.

మోటారు చిన్నది, నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది. అంత వేగం మనకు అక్కర్లేదు. అందుకే మోటారు కొసన మరచుట్టు ఉన్న వార్మ్ గేరు పెట్టి, ఆ తిరుగుడు పళ్ల చక్రానికి అందించి, అక్కణ్ణుంచి మరపుల్లను మెల్లగా ముందుకీ వెనక్కీ నడిపిస్తారు. వేగం పోతుంది, బలం వస్తుంది. ఇంకో లాభం కూడా ఉంది. మోటారు మరను తిప్పగలదు గానీ, గ్లాసు ఊగి ఆ మరను వెనక్కి తిప్పలేదు. హైవే మీద గాలి ఎంత తోసినా, గుంతల్లో బండి ఎంత ఎగిరినా, కరెంటు లేకుండానే గ్లాసు పెట్టినచోట పెట్టినట్టు ఉండటానికి కారణం ఇదే.

ఇంత నిదానం ఎందుకంటారా? అద్దం ఒక్క డిగ్రీ తిరిగితే అందులో మనం చూసే చూపు రెండు డిగ్రీలు తిరుగుతుంది. కాంతి పడే కోణం ఒక డిగ్రీ, వెనక్కి వచ్చే కోణం ఒక డిగ్రీ మారతాయి కాబట్టి. 50 మీటర్ల వెనకున్న బండి దగ్గరికి వెళ్లేసరికి ఆ రెండు డిగ్రీలు సుమారు 1.75 మీటర్లవుతాయి. మన హైవేల మీద ఒక లేను వెడల్పు 3.5 మీటర్లు. అంటే గ్లాసు కదిలిందో లేదో కంటికి తెలియని కదలికకే, వెనక సగం లేను చూపులోంచి జారిపోతుంది. చేత్తో గ్లాసు నొక్కి సర్దేవాళ్లు పది డిగ్రీలు అటూ ఇటూ తిప్పేసి, చివరికి "పర్లేదులే" అని వదిలేసేది ఇందుకే.

ఇక టిక్ టిక్ సంగతి. మామూలు పవర్ మిర్రర్‌లో చివరిదాకా వచ్చామని చెప్పే స్విచ్ ఏదీ ఉండదు. సెన్సారూ ఉండదు. తానెక్కడుందో ఆ అద్దానికి తెలీదు. మీరు గుండీ నొక్కినంతసేపూ మోటారు తిరుగుతూనే ఉంటుంది. మరి గ్లాసు ఇక కదలలేని చోటికి వచ్చాక? మోటారు బిగుసుకుపోతే కరెంటు ఎక్కువ లాగి వేడెక్కి కాలిపోతుంది, లేదా ప్లాస్టిక్ పళ్లు విరుగుతాయి. అది జరక్కుండా గేరుకీ మరకీ మధ్య జారిపోయే క్లచ్ ఒకటి పెట్టారు. కొన్నిట్లో అది స్ప్రింగు, కొన్నిట్లో మర మీద పట్టుగా కూర్చునే ప్లాస్టిక్ వేళ్లు. బరువు హద్దు దాటగానే పట్టు తప్పి ఒక మర దాటుతుంది. మళ్లీ పట్టుకుంటుంది, మళ్లీ దాటుతుంది. మీకు వినబడే టిక్ అదే. ఎవరో ఇంజనీరు అద్దానికి తెలివి పెట్టే ఖర్చు మిగిల్చి, దానికి లొంగిపోవడం నేర్పాడు. నాకు ఆ డబ్బాలో అన్నిటికంటే నచ్చేది ఈ జారే ముక్కే. బ్యాటరీ దిగిపోయినప్పుడు గ్లాసు అంచును వేళ్లతో మెల్లగా నొక్కి సర్దుకోగలుగుతున్నామంటే అది కూడా దీని పుణ్యమే. అలాగని ఎప్పుడూ చేత్తోనే నొక్కకండి. క్లచ్‌లోని ఆ ప్లాస్టిక్ వేళ్లు అరిగితే అసలు పనికి పట్టు దొరకదు.

వైర్ల లెక్క ఇంకా సరదాగా ఉంటుంది. రెండు మోటార్లకు నాలుగు వైర్లు ఉండాలి కదా, చాలా బండ్లలో మూడే ఉంటాయి. రెండు మోటార్ల ఒక్కో కొసనూ కలిపి ఒకే వైరుకు ఇస్తారు, దాన్ని మేం కామన్ అంటాం. పైకి నొక్కితే నిలువు మోటారు వైరుకు ప్లస్సు, కామన్‌కు మైనస్సు వెళ్తాయనుకోండి. కిందికి నొక్కితే అవి తారుమారవుతాయి, మోటారు ఎదురు దిక్కుకు తిరుగుతుంది. పక్కలకు నొక్కితే రెండో మోటారు వైరుకూ కామన్‌కూ మధ్య ఇదే ఆట. ఎల్, ఆర్ అని రాసున్న మీట ఆ కరెంటు ఏ డోరుకు పోవాలో తేలుస్తుంది. కొత్త కార్లలో స్విచ్ ఈ పని నేరుగా చేయకుండా డోరులోని మాడ్యూల్‌కు కబురు పంపుతుంది. చివర మోటారు దగ్గర జరిగేది మాత్రం మారలేదు.

రెండు అద్దాలూ కదలడం లేదంటే నేను డోరు ప్యాడ్ జోలికే పోను. ముందు ఫ్యూజు, తర్వాత స్విచ్. ఒక్క అద్దమే చచ్చిపోతే, అద్దానికి చెవి ఆనించి కుర్రాణ్ణి గుండీ నొక్కమంటాను. మోటారు చప్పుడు వస్తూ గ్లాసు కదలకపోతే ప్లేటు గుండు మీంచి ఊడిందని, లేదా మర అరిగిందని అర్థం. చప్పుడే లేకపోతే నా చెయ్యి డోరుకీ బాడీకీ మధ్యనున్న రబ్బరు బూటు మీదికి పోతుంది. డోరు తీసిన ప్రతిసారీ అక్కడ వైర్లు వంగుతాయి. ఏళ్ల తర్వాత పై తొడుగు బాగానే ఉంటుంది, లోపల రాగి పోగులు తెగిపోయి ఉంటాయి. పైకి చూస్తే తెలీదు, వైరు లాగి చూస్తే రబ్బరులా సాగుతుంది. అద్దం మొత్తం మార్పించుకోవాలని అడిగొచ్చినవాళ్లను జానెడు వైరు అతికించి పంపిన సందర్భాలు నాకు చాలానే ఉన్నాయి.

తానెక్కడుందో తెలిసిన అద్దాలూ ఉన్నాయి, ఖరీదైన బండ్లలో. పాత రేడియోల వాల్యూము గుండీ వెనకుండే పొటెన్షియోమీటరునే మరపుల్లకు తగిలిస్తారు. పుల్ల కదిలే కొద్దీ వోల్టేజి మారుతుంది, ఆ అంకెను మాడ్యూల్ గుర్తుపెట్టుకుంటుంది. రివర్సు గేరు వేయగానే ఎడమ అద్దం కిందికి వాలి వెనక చక్రాన్ని చూపించి, మళ్లీ సరిగ్గా పాతచోటికి రావడం ఈ లెక్కతోనే. అద్దాన్ని మొత్తంగా మడిచేది వేరే మోటారు, వేరే గేర్లు. దాన్ని పార్కింగులో ఎవరైనా చేత్తో మడిస్తే, తర్వాత స్విచ్‌తో మడిచినప్పుడు పెద్దగా ఒక చప్పుడు చేసి తనంతట తాను పట్టు దొరకబుచ్చుకుంటుంది. భయపడక్కర్లేదు. గ్లాసు వెనక అతికించే హీటరు మనకెందుకని నవ్వుతారు గానీ, లంబసింగి వైపు పొగమంచులో, ఆగస్టు ముసురులో దాని విలువ తెలుస్తుంది.

ఇవన్నీ విలాసాలనుకునేవాళ్లు ఎడమ అద్దాన్ని ఒకసారి గుర్తు తెచ్చుకోవాలి. 2009లో అమ్మకానికొచ్చిన టాటా నానో మామూలు మోడల్‌కు ఎడమ అద్దమే లేదు. ఉన్న చాలా బండ్లలో దాన్ని తిప్పే పుల్ల ఎడమ డోరుకు ఉండేది. డ్రైవరు బెల్టు విప్పి, పక్క సీటు మీదుగా వాలి, సర్ది, వెనక్కి వచ్చి చూస్తే తప్పు కోణం! తన సీట్లో కూర్చుని, తన కళ్లతో చూస్తూ ఎడమ అద్దాన్ని సర్దుకోవడం, నా దృష్టిలో ఈ మోటార్ల అసలు ఉపయోగం ఇదే. జపాన్‌లో 1983 దాకా అద్దాలు బానెట్ పక్కల, ముందు చక్రాల మీద ఉండాలన్నది నిబంధన. అంత దూరానికి లోపల కూర్చున్నవాడి చెయ్యి అందుతుందా? అదే జపాన్‌లో 2018లో లెక్సస్ ఈఎస్ కారు అద్దాల బదులు కెమెరాలతో వచ్చింది. లోపల ఆ కెమెరా బొమ్మను చూపే తెర ఎంత బాగున్నా, తల కాస్త వంచితే అద్దం ఇంకో మూల చూపిస్తుంది, తెర చూపించదు. నేనైతే అద్దం వైపే.

గ్లాసు పగిలినప్పుడు ఒక జాగ్రత్త. మన బండ్ల డోరు అద్దాలు మామూలుగా కుంభాకారంగా, అంటే కొద్దిగా బయటికి ఉబ్బి ఉంటాయి. ఎక్కువ చోటు కనబడుతుంది, బదులుగా వస్తువులు చిన్నగా, దూరంగా అనిపిస్తాయి. అమెరికాలో డ్రైవరు వైపు అద్దం చదునుగా ఉండాలని, అవతలి వైపుది కుంభాకారమైతే దాని మీద హెచ్చరిక రాయాలని నిబంధన. చవకని గ్లాసు షాపులో చదునైన అద్దం కోయించి అతికిస్తే మొహం బాగా కనబడుతుంది, పక్కనొచ్చే స్కూటరు కనబడదు.

సర్దడం ఎలాగంటే, ముందు సీటు సరిచేసుకోండి, కళ్లు మారితే కోణం మారుతుంది. 1995లో జార్జ్ ప్లాట్జర్ అనే అమెరికా ఇంజనీరు చెప్పిన పద్ధతిని మన స్టీరింగుకు తగ్గట్టు తిప్పితే ఇలా ఉంటుంది. తల కుడి కిటికీకి ఆనించి, మన బండి పక్క అప్పుడే కనబడీ కనబడనట్టు కుడి అద్దం పెట్టాలి. తర్వాత తలను రెండు సీట్ల మధ్యకు వంచి ఎడమ అద్దాన్నీ అలాగే పెట్టాలి. హైవేకు అది బాగుంటుంది. మా విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర, బండిని రాసుకుంటూ దూరే మోటారు సైకిళ్ల మధ్య మాత్రం నేను సొంత డోరు హ్యాండిల్ అంచు కాస్త కనబడేలా లోపలికి తిప్పుకుంటాను. గుండీ రెండుసార్లు తాకితే చాలు.